తిథిని బట్టి పని: దివిసీమ దీవుల పాత జీవిక

గుడివాడకూ మచిలీపట్నానికీ నడుమనున్న గుడ్లవల్లేరు పరిసర గ్రామాల్లో ఒకప్పుడు పని అంటే వరి పనే. కాలవకు నీరు వదిలిన రోజున మొదలైన ఏడాది, కళ్ళంలో ఆఖరి కుప్ప నూర్చి గింజలు గాదెకు చేర్చిన రోజున ముగిసేది. 1855లో బెజవాడ (నేటి విజయవాడ) దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయిన తరువాత తూర్పు డెల్టాలో క్రమంగా స్థిరపడిన ఈ పద్ధతిలో కాలవ, లాకు, నీటి వంతు, పాలేరు ఒప్పందం అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉండేవి. అయితే అదే నది దక్షిణాన సముద్రంలో కలిసే చోట, దివిసీమ చివరి దీవుల్లో, ఇసుక మీదా ఉప్పునేల మీదా బతికిన జనానికి పని మరో క్రమంలో సాగేది. అక్కడ దినచర్యను నిర్ణయించింది సూర్యుడి కన్నా ఎక్కువగా చంద్రుడు. ఒక మనిషికి ఒకే వృత్తి ఉంటుందన్న ఊహ అక్కడి బతుకుకు సరిపడేది కాదు. 1977 నాటి ఉప్పెన దాకా నిలిచి, ఆ తరువాతి రెండు దశాబ్దాల్లో చెదిరిపోయిన ఆ జీవికకు డెల్టా చరిత్రల్లో దక్కిన చోటు చాలా తక్కువ. ఆనకట్టను గురించీ జమీందారీలను గురించీ రాసినవారు చాలావరకు కాలవ ఆగిన చోటే కలమూ ఆపారు.

కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండుగా చీలి, ఆ రెండు పాయల నడుమ పోసిన నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు దీని ముఖ్య కేంద్రాలు. తూర్పు పాయ హంసలదీవి దగ్గర కడలిలో కలుస్తుంది. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో చమురు యంత్రాలతో నదీజలాన్ని ఎత్తిపోసే పథకమూ, తరువాతి కాలంలో పులిగడ్డ అక్విడక్టు, అంటే నది పాయ మీదుగా కాలవను దాటించే కట్టడమూ వచ్చాక దివిసీమ నడిభాగం కూడా వరి సీమే అయింది. నాగాయలంక దాటాక పడమటి పాయ మళ్ళీ చీలి, బురదనూ ఇసుకనూ పోగుచేసి నిలబెట్టిన దీవుల సంగతి వేరు. ఎదురుమొండి, గొల్లమంద, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ వంటి ఊళ్ళున్న ఈ దీవులకు రాకపోకలు పడవ మీదా పంటు మీదా సాగేవి. రెండు పడవలను జతచేసి పైన బల్లలు పరిచి, మనుషులతో పాటు పశువులనూ బస్తాలనూ దాటించే తేలే వేదికను ఇక్కడ పంటు అంటారు. దీవుల చుట్టూ మడ అడవులు, అంటే ఉప్పునీటి బురదలో వేళ్ళు పైకి పొడుచుకొచ్చి పెరిగే చెట్ల అడవులు. వాటి మధ్య సన్నని ఏర్లు. ఆ ఏర్లు సముద్రంలో కలిసే ముఖాలకు మొగలు అని పేరు.

ఇటువంటి చోట ఏ ఒక్క పనీ ఏడాది పొడుగునా కూడు పెట్టదు. వర్షాకాలంలో వరద నీరు దిగినప్పుడు ఏటి వేట ఒక తీరుగా ఉంటే, కార్తీక మాసంలో తుఫాను భయం వల్ల సముద్రపు వేట తగ్గేది. మార్గశిర పుష్యాల్లో వరి కోతలు, మాఘ ఫాల్గుణాల్లో మినుము పీకుడు, ఎండాకాలంలో చేపలు ఎండబెట్టడం, తాటాకు కొట్టడం, ఇళ్ళు నేసుకోవడం వరుసగా వచ్చేవి. పల్లెకారుల, అంటే చేపల వేట కులవృత్తిగా ఉన్నవారి, ఇంట్లో కోతకు వెళ్ళే కొడవలి ఉండేది. వ్యవసాయ కూలి ఇంటి చూరులో విసురువల, అంటే ఒక మనిషి చేత్తో విసిరే గుండ్రని వల, వేలాడేది. జనాభా లెక్కల పట్టికలో ఒక మనిషికి ఒక ప్రధాన వృత్తి రాసుకునే గడి ఉంటుంది. ఆ గడిలో మత్స్యకారుడని రాసినా, రైతుకూలీ అని రాసినా, దీవి మనిషి ఏడాదిలో సగం బతుకు ఆ పట్టికకు అందకుండానే పోయేది. అధికార పత్రాలను మాత్రమే ఆధారం చేసుకున్న చరిత్ర ఈ దీవులను ఎందుకు సరిగా చూడలేకపోయిందో చెప్పడానికి ఈ ఒక్క గడి చాలు.

ఈ జీవికకు మూలసూత్రం పోటు, పాటు. సముద్రపు నీరు ఏటిలోకి ఎగదన్నే దశ పోటు. వెనక్కి తీసే దశ పాటు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి గాని, చంద్రోదయం రోజూ వెనుకబడినట్టే అవి కూడా ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి; కాబట్టి ఒకనాడు తెల్లవారుజామున 4 గంటలకు మొదలైన పాటు వారం తిరిగేసరికి దాదాపు 10 గంటలకు, ఎండ ఎక్కిన తరువాత, మొదలవుతుంది. ఏటి వేటలో ముఖ్యమైన కట్టువల పూర్తిగా ఈ లెక్క మీదే ఆధారపడింది. ఏరు ఇరుకైన చోట గుంజలు పాతి, వలను వాటికి బిగించి, పోటుతో లోపలికి వచ్చిన రొయ్య, చేప పాటుతో తిరిగి వెళ్ళేటప్పుడు చిక్కేలా చేయడం ఈ పద్ధతి. గుంజ ఎక్కడ పాతాలో, ముడి ఎప్పుడు విప్పాలో, నీరు పూర్తిగా తీయకముందే వల ఎలా ఎత్తాలో చేతికి అలవాటు కావడానికి ఏళ్ళు పట్టేది. ఆలస్యమైతే పీతలు వలను కొరికేవి, తొందరపడితే చేప మడ వేళ్ళ మధ్యకు తిరిగి దూరేది.

అందువల్ల దీవిలో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే విభజనకు పని విషయంలో అంత విలువ లేదు. అమావాస్య, పున్నమి నాడూ ఆ వెంటనే ఒకటి రెండు రోజులూ పోటు బలంగా ఉండి నీరు మడ అడవి లోతుల దాకా ఎక్కేది. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ అర్ధరాత్రి అయినా ఏటి మీదే ఉండేవారు. అష్టమి చుట్టుపక్కల నీటి ఎత్తుపల్లాలు తగ్గి, ఉరవడి మందగించినప్పుడు ఏటి వలలను ఒడ్డుకు తెచ్చి ఆరబెట్టి, చిరుగులు అల్లుకునేవారు. పెళ్ళి మాటలు, తగాదా తీర్పులు, పొరుగూరి ప్రయాణాలు ఈ రోజుల్లోకే నెట్టేవారు. ఆదివారం సెలవు, నెల జీతం, ఎనిమిది గంటల పని అనే కొలతలకు అలవాటు పడిన కంటికి ఇది క్రమం లేని బతుకుగా కనిపించి ఉండవచ్చు. నిజానికి ఇందులో ఉన్న క్రమశిక్షణ కర్మాగారపు గంట కన్నా కఠినమైనది. గంటకు ఆలస్యంగా వచ్చిన కార్మికుడికి జీతంలో కోత పడితే, పాటుకు ఆలస్యంగా వచ్చిన వేటగాడికి ఆ పూట మొత్తమే పోతుంది. తిథిని లెక్కించడానికి అక్షరాలు రాని ముసలివారికి కూడా పంచాంగం అవసరం ఉండేది కాదు. ఏటి గట్టున తడి ఎక్కడి దాకా పట్టిందో చూసి చెప్పగలిగేవారు.

సముద్రం మీద వేటకు గాలి కూడా తోడు రావాలి. నేల మీద నుంచి కడలి వైపు వీచే తెల్లవారుగాలితో తెరచాప ఎత్తి వెళ్ళి, మధ్యాహ్నం తరువాత కడలి నుంచి వీచే గాలితో తిరిగి రావడం ఇంజను లేని కాలపు పద్ధతి. వేసవి సాయంత్రాల దక్షిణపు గాలికి తీరాంధ్రమంతటా పైరగాలి అన్న పేరు ఉంది. ఏటిలో తిరగడానికి తాటిదోనె, అంటే తాటి మొద్దును తొలిచి చేసిన చిన్న పడవ, సరిపోయేది. అలల్లోకి నాటు పడవలు, దుంగలు జతకట్టిన తెప్పలు వెళ్ళేవి. ఈ తీరానికే చెందిన మసూలా పడవ, చెక్కలను మేకులతో బిగించకుండా కొబ్బరినార తాళ్ళతో కుట్టిన పడవ, ఆ పేరుతోనే ప్రపంచానికి తెలిసింది. వలలు నూలువే, వాటిని చెట్టు బెరడు కషాయంలో నానబెట్టి ఆరవేస్తేనే ఉప్పునీటికి నిలిచేవి. నూలు వడకడం, వల అల్లడం, కషాయం కాచడం ముసలివారి పని. సముద్రానికి వెళ్ళే వయసు దాటిన మనిషికి ఇంట్లో పని లేకుండా పోలేదన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

పని ఎంత ముఖ్యమో పంపకం అంత ముఖ్యం. పట్టిన చేపను అమ్మగా వచ్చినదాంట్లో తిండి ఖర్చు తీసి, మిగిలినదాన్ని వాటాలు వేసేవారు. పడవకు కొంత, వలకు కొంత, ఎక్కిన మనుషులకు తలా ఒకటి. కూలి అనేది ముందుగా నిర్ణయమైన మొత్తం కాదు గనుక, వేట పడని రోజున పడవ యజమానికీ పడవ మీద పనిచేసే కళాసీకీ నష్టం ఒకేలా తగిలేది. ఒడ్డునుంచి లాగే ఐలవల విషయంలో ఈ పంపకం ఇంకా విశాలమైంది. పడవ మీద వెళ్ళి పెద్ద వలను సముద్రంలో అర్ధచంద్రాకారంగా విడిచి, రెండు కొసల తాళ్ళను ఒడ్డున రెండు వరుసలుగా నిలబడిన జనం లాగడం దీని తీరు. దీనికి పదుల కొద్దీ మనుషులు కావాలి. తాడు పట్టిన ప్రతివారికీ ఎంతో కొంత దక్కేది. పిల్లవాడికి అరవాటా, బలం తగ్గిన ముసలివాడికి కూరకు సరిపడా చేప, మగదిక్కు లేని ఇంటి ఆడమనిషికి గంపలో పిడికెడు నెత్తళ్ళు. దీనిని దానమని ఎవరూ అనుకోలేదు. తాడు మీద చెయ్యి వేసిన హక్కు అది. డెల్టా లోపలి ఊళ్ళలో కళ్ళం దగ్గర కమ్మరికీ వడ్రంగికీ చాకలికీ ధాన్యంలో కొలిచి ఇచ్చే మేరకు దీనికి పోలిక ఉన్నా, మేర కులాన్ని బట్టి వచ్చేది, ఐలవల వాటా శ్రమను బట్టి వచ్చేది. ఈ తేడా చిన్నది కాదు.

అయినా ఈ వ్యవస్థను సమానత్వపు స్వర్గంగా వర్ణిస్తే అది అబద్ధమవుతుంది. వలకూ పడవకూ పెట్టుబడి కావాలి. ఆ పెట్టుబడి వ్యాపారి ఇచ్చిన బయానాగా, అంటే ముందస్తు సొమ్ముగా వచ్చేది. బయానా తీసుకున్నవాడు చేపను ఆ వ్యాపారికే, అతను చెప్పిన ధరకే వేయాలి; అసలు ఎప్పటికీ తీరేది కాదు, ఎందుకంటే తీరడం వ్యాపారికి అవసరం లేదు. ఉప్పు విషయంలో ప్రభుత్వమే అప్పులవాడి కన్నా గట్టిగా కూర్చుంది. మద్రాసు రాజధానిలో 1805 నుంచి ఉప్పు ప్రభుత్వ గుత్తాధిపత్యం కావడంతో, ఎండాకాలంలో పర్రలో, అంటే పోటు నీరు నిలిచి ఎండే చవిటి మైదానంలో, తనంతట తాను పేరుకున్న ఉప్పును గీరుకోవడం కూడా నేరమైంది. ఆ శతాబ్దపు చివరి దశకాల్లో చేపలు ఊరవేయడానికి ప్రభుత్వ ఆవరణలు ఏర్పరచి, పన్ను లేని ఉప్పును అక్కడే, అధికారి కళ్ళెదుటే వాడుకోవాలన్నారు. ఉప్పు మీద నడిచే మనుషులు ఉప్పు కోసం లెక్క చెప్పుకోవలసిన ఆ స్థితి 1947లో ఉప్పు పన్ను రద్దయ్యే దాకా ఏదో ఒక రూపంలో సాగింది.

ఒడ్డుకు చేరిన చేపకు ఆడవారి శ్రమతోనే విలువ వచ్చేది. పచ్చి చేప దీవిలో ఒక పూటకు మించి నిలవదు. మంచు గడ్డ రాని రోజుల్లో పంటు ఎక్కించి నాగాయలంక చేర్చేలోపే సగం పాడయ్యేది. అందువల్ల నెత్తళ్ళు, సావిడాయిలు, చిన్న రొయ్యలు ఇసుక మీద ఎండేవి. పెద్ద చేపలను చీల్చి ఉప్పు పట్టించేవారు. మబ్బు పడితే పరుగున ఎత్తడం, ఎండ వస్తే మళ్ళీ పరచడం, కాకులను తోలడం, తిరగవేయడం, గంపలకెత్తడం మొత్తం స్త్రీలదీ పిల్లలదీ. మంచినీటి కోసం ఇసుక దిబ్బల్లో చెలమలు, అంటే చేత్తో తవ్వుకునే గుంటలు, తోడి ఊరే దాకా కూర్చోవడం కూడా వారి పనే. ఎండాకాలంలో చెలమ నీరు ఉప్పు తగిలితే మరో దిబ్బ వెతుక్కోవాలి. ఈ గంటలను ఏ లెక్కల్లోనూ పనిగా రాయలేదు.

ఎండిన చేప ఎగువకు ప్రయాణించేది. అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బందరు (మచిలీపట్నం), గుడివాడ సంతలకు చేరిన ఎండుచేప కోతల కాలంలో కళ్ళాల దాకా వచ్చి ధాన్యానికి మారేది. గుడ్లవల్లేరు వంటి ఊళ్ళలో కూలి గింజల రూపంలో అందే ఆ రోజుల్లో కూలివారి చేతిలో డబ్బు ఉండకపోయినా వడ్లు ఉండేవి. చేప ఎగువకు వచ్చిన బాటలోనే దీవి మనుషులూ వచ్చేవారు. డెల్టాలో కాలవ మొదట నీరందే పొలాల్లో నాట్లు ముందు పడతాయి, కాలవ చివరి భూముల్లో ఆలస్యంగా పడతాయి. కాబట్టి కోతలు కూడా ఎగువ నుంచి దిగువకు జరుగుతూ వస్తాయి. ఈ తేడాను ఉపయోగించుకుని దీవి కుటుంబాలు ముఠాలుగా, అంటే ఒక మేస్త్రీ కింద గుత్తకు పని ఒప్పుకునే జట్లుగా, ఎగువ పొలాలకు వచ్చి కోసి, కుప్ప వేసి, తిరిగి దివిసీమ కోతలకు సమయానికి అందుకునేవి. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచి ఉన్న వరిలోనే మినుము చల్లి, నేలలో మిగిలిన తేమతోనే ఆ పైరును పండించడం కృష్ణా డెల్టా ప్రత్యేకత. మాఘ ఫాల్గుణాల్లో మినుము పీకడానికి ఆడకూలీలు మళ్ళీ కావలసి వచ్చేవారు. ఈ రెండు రాకల్లో సంపాదించిన గింజలే వేట పడని నెలల్లో దీవిలో అన్నం. గుడ్లవల్లేరు మాగాణికీ ఎదురుమొండి ఇసుకకూ నడుమ ఉన్న ఈ బంధాన్ని గుర్తించకుండా రెంటిలో దేని చరిత్రా పూర్తి కాదు.

యానాదులనే గిరిజనుల ప్రస్తావన ఇక్కడ తప్పనిసరి. వల లేకుండా, చేతులతో తడిమి చేపనూ రొయ్యనూ పట్టగల నేర్పు వారిది. మడ బురదలో పీత కలుగును గుర్తించి, కొక్కెం కట్టిన కర్రతో మండపీతను, అంటే పెద్ద డెక్కల బురద పీతను, గాయం కాకుండా బయటికి లాగడంలో వారిని మించినవారు లేరు. కోతల ముందు వీరే వరి పొలాల్లో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవారు. డెల్టా రైతు పంటను దక్కించిన ఆ పనికి దక్కిన కూలి కొద్ది, గౌరవం ఇంకా కొద్ది. దీవుల సమాజంలో కూడా వారి గుడిసెలు ఊరి అంచునే ఉండేవి.

మిగిలిన పనులు చిన్నవిగా కనిపించినా ఏడాదిని అవే అతికేవి. తాటిచెట్టు కల్లునూ ఆకునూ దూలాన్నీ ఇచ్చేది. తుంగతో చాపలు నేసేవారు. ఏటి గుల్లలను ఏరి బట్టీలో కాల్చి సున్నం చేసేవారు. మడ అడవి వంటచెరకునూ వల గుంజలనూ ఇచ్చేది, తిల్ల చెట్టు పాలు కంట పడితే చూపుకే ముప్పు గనుక ఏ చెట్టు ఎలా నరకాలో తెలిసి ఉండాలి. ఇంకా వెనక్కి వెళితే, ఈ తీరపు ఇసుక నేలల్లో తవ్విన చిరివేరు, అంటే ఎర్ర రంగునిచ్చే ఒక మొక్క వేరు, బందరు అద్దకపు బట్టలకు ఎరుపు పూసింది. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు 1868లో ఆ రంగు ద్రవ్యాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన తరువాత వేరు తవ్వే పని క్రమంగా మాయమైంది. దూరదేశపు ఆవిష్కరణ ఒకటి ఈ ఇసుకలో ఒక పనిని అంతం చేయడం అదే మొదలు, చివర మాత్రం కాదు.

ఈ బతుకును పెద్ద దెబ్బ తీసింది మాత్రం సముద్రమే. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న మళ్ళీ అదే జరిగింది. దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం దివిసీమ మీదికి వచ్చింది. అధికార లెక్కల ప్రకారమే మృతులు 10,000 వరకు ఉన్నారు, హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. కోతకు వచ్చిన వరి, పశువులు, పడవలు, వలలు ఒక్క రాత్రిలో పోయాయి. దివిసీమ నాయకుడు మండలి వెంకటకృష్ణారావు ఆధ్వర్యంలో సాగిన సహాయ పునర్నిర్మాణ కార్యక్రమాలు, సినీనటులు జోలె పట్టి ఊరూరా సేకరించిన విరాళాలు, స్వచ్ఛంద సంస్థలు కట్టిన పక్కా ఇళ్ళు ఆంధ్రదేశానికి గుర్తున్నాయి. అంతగా గుర్తు లేనిది ఇంకొకటి ఉంది: ఏ గుంజ ఎక్కడ పాతాలో తెలిసిన ముసలివారూ, వారి వెంట ఉండి నేర్చుకోవలసిన పిల్లలూ ఆ నీటిలో కొట్టుకుపోయిన వారిలో ఎక్కువ. బలమున్నవారు చెట్టు పట్టుకుని బతికారు. నేర్పేవారూ నేర్చుకునేవారూ పోయారు. ఇల్లు మళ్ళీ కట్టవచ్చు, వల మళ్ళీ కొనవచ్చు. రెండు తరాల మధ్య తెగిన ఆ పాఠాన్ని ఏ సహాయ నిధీ పూడ్చలేకపోయింది.

ఆ తరువాతి మార్పులు త్వరత్వరగా వచ్చాయి. నైలాన్ వల నూలు వలనూ దానితో పాటు ముసలివారి పనినీ తొలగించింది; ఫైబరు పడవ, ఇంజను వచ్చి గాలి లెక్కను అనవసరం చేశాయి, డీజిలు ఖర్చు బయానాను ఇంకా పెంచింది. మడ అడవులను 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించడం అడవికి మేలే చేసింది గాని, గుంజలూ కట్టెలూ తెచ్చుకునే పని చట్టం కంటికి దొంగతనమైంది. 1990ల తొలి సంవత్సరాల్లో టైగర్ రొయ్యల చెరువులు దివిసీమను చుట్టుముట్టాయి; కౌలు రేటు చూసి వరి చేలు చెరువులయ్యాయి, కోత కూలి తగ్గింది, చెరువు కాపలాకు నెల జీతం వచ్చింది. 1994 తరువాత తెల్లమచ్చ వ్యాధితో చెరువులు దెబ్బతిన్నాయి. 1996లో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువులపై ఆంక్షలు విధించింది. 2009 తరువాత వనామి రొయ్యతో సాగు మళ్ళీ పుంజుకుంది. చెరువు కాపలావాడి రోజు మేత వేసే వేళలతో నడుస్తుంది. పోటుకూ పాటుకూ అతని జీతంతో సంబంధం లేదు. రొయ్య చనిపోతే నష్టం యజమానిది, ఉద్యోగం పోవడం కాపలావాడిది. వాటా అన్న మాట ఆ లెక్కలో లేదు. ఎగువన వరి కోత యంత్రాలు రావడంతో గుడ్లవల్లేరు వైపు ముఠాల రాక కూడా నిలిచిపోయింది. దీవి యువకులు విజయవాడకు, హైదరాబాదుకు కట్టడపు పనులకు వెళుతున్నారు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఇప్పుడు తూర్పు తీరమంతటికీ అమలవుతోంది. చేప గుడ్లు పెట్టే కాలంలో యాంత్రిక, మోటారు పడవలను ఆపడం అవసరమే. దానితో పాటు ఏటి లోపల ఏ తిథికి ఏ వల ఆపాలో, ఏ మొగలో ఏ నెలలో చిన్న చేప చేరుతుందో చెప్పగల పాత లెక్కను కూడా మత్స్యశాఖ నమోదు చేసి ఉంటే, నిషేధం మొగ మొగకూ తగినట్టు ఉండేది. ఆ లెక్క ఈనాడు ముఖ్యంగా మండపీత పనిలో మిగిలి ఉంది. ప్రాణంతో ఉన్న పీతకు విదేశాల్లో గిరాకీ ఉండడంతో వ్యాపారులు నాగాయలంక దాకా వచ్చి కొంటున్నారు. అమావాస్యకూ పున్నమికీ ముందువెనుకల రోజుల్లో ఎదురుమొండి, నాచుగుంట ఏర్లలో దోనెలు ఇప్పటికీ పాటు వేళనే కదులుతాయి, అష్టమి వచ్చేసరికి ఒడ్డెక్కుతాయి. పీత పట్టేవారిలో యానాదులు ఎక్కువ; కర్ర కొసన కొక్కెం వంపు ఎంత ఉండాలో కొడుకుకు చూపించే తండ్రులు వారిలో ఇంకా ఉన్నారు.